చార్మినార్ చుట్టూ గడియారాలు

మేనకోడలి పెళ్లికి లక్క గాజులు పాతబస్తీలోనే కొనాలని మా అక్క పట్టుబట్టడంతో, మియాపూర్‌లో ఉండే నేను రంజాన్ నెలలో రెండుసార్లు చార్మినార్‌కు వెళ్లవలసి వచ్చింది. రెండోసారి వెళ్లవలసి రావడం కేవలం నా తెలివితక్కువతనం వల్లనే. రద్దీ మొదలుకాకముందే పని ముగించుకుందామని పొద్దున్నే మెట్రో ఎక్కి ఏడు గంటల ప్రాంతంలో ఎంజీబీఎస్‌లో, అంటే మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గరి మెట్రో స్టేషన్‌లో దిగాను. అనుకున్నట్టే రద్దీ లేదు, కానీ దుకాణాలూ తెరవలేదు. రంజాన్‌లో లాడ్ బజార్ మధ్యాహ్నమైతే గాని కళ్లు తెరవదన్న సంగతి, ఆ వీధుల్లోనే సెలవులన్నీ గడిపిన నాకు గుర్తు లేకపోవడం సిగ్గుపడవలసిన విషయమే. అయితే ఆ పొద్దున వృథా కాలేదు. నగర కేంద్రాల పునరుద్ధరణ గురించి నాలో చాలాకాలంగా ఉన్న ఒక అనుమానానికి ఆకారం వచ్చింది ఆ రోజే.

మా తాతయ్య చార్మినార్‌కు వెళ్లే దారిలోని పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేశారు. వేసవి సెలవుల్లో ఆయనకు టిఫిన్ డబ్బా తీసుకెళ్లడం నా పని. ఎండ మాడిపోతున్నా మదీనా చౌరస్తా దాటగానే రాతి కమానుల కింద వసారాలోకి అడుగుపెడితే ఒళ్లు చల్లబడేది. వసారా పొడవునా బట్టల తానులు, అత్తరు సీసాలు, పెళ్లిపత్రికలు. ఆ వసారా ఎవరు కట్టించారో, ఎందుకు కట్టించారో అప్పట్లో ఆలోచించలేదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత, ఆ వెంటనే ప్లేగు కూడా ప్రబలిన తరువాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను సరిచేయడం, రోడ్లు వెడల్పు చేయడం, మురుగు పారుదలకు దారి చూపడం దాని పనులు. పత్తర్‌గట్టి రోడ్డును వెడల్పు చేసినప్పుడు బోర్డు రోడ్డు వేసి ఊరుకోలేదు. రెండు వైపులా గ్రానైటు ముఖభాగంతో వరుసగా కమానులు నిలబెట్టి, కింద అంగళ్లు, పైన నివాసాలు, అంగళ్ల ముందు నడిచేవారికి నీడ ఉండేలా కట్టించింది. ఒకే కట్టడంలో వ్యాపారం, కాపురం, నడక మూడూ ఇమిడిపోయాయి. వందేళ్ల తరువాత మన ప్రణాళికా నివేదికల్లో మిశ్రమ వినియోగం అనే గంభీరమైన పేరుతో కనిపించేది ఇదే.

ఆ పొద్దున పత్తర్‌గట్టి వసారాలో నాతోపాటు మెలకువగా ఉన్నవారు హమాలీలు మాత్రమే. మదీనా దగ్గర ఆగిన ఒక చిన్న వ్యానులోంచి బట్టల మూటలు దింపి, ట్రాలీ మీద ఆరేసి చొప్పున పేర్చి, చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్ కూడలి వైపు లాగుతున్నారు. నడిచేవారి కోసం పరిచిన నల్లరాళ్ల దగ్గరకు వచ్చేసరికి ట్రాలీ చక్రం రాయికీ రాయికీ మధ్య సందులో ఇరుక్కుంది. ముందున్నవాడు లాగడం ఆపి వంగి నిలబడితే, వెనకున్నవాడు చక్రాన్ని కాలితో ఒక్కటి తన్ని పైకి లేపాడు. పది అడుగులు పోగానే మళ్లీ అదే తంతు. మూడోసారి నేనూ ఒక చేయి వేశాను. "ఏడు, ఎనిమిదింటి లోపల అయితే ఎట్లనో ఒకట్ల పోతది సార్. తొమ్మిది దాటిందంటే మోటర్ సైకిళ్లు అడ్డం, మనుషులు అడ్డం, ఇగ బండి కదలది," అన్నాడు వెనకున్నాయన మెడకు చుట్టుకున్న తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ. ఆ రాళ్లు పరిచినవారు కెమెరా పట్టుకున్న పర్యాటకుణ్ణి ఊహించుకున్నారే గాని, ఆ పర్యాటకుడు కొనబోయే చీర దుకాణంలోకి ఎలా చేరుతుందో ఊహించుకోలేదని నాకు అనిపించింది.

చార్మినార్ చుట్టూ వాహనాలను ఆపి నడిచేవారికి చోటివ్వాలన్న ఆలోచన 1990ల నాటిది. సుమారు 35 కోట్ల రూపాయల అంచనాతో మొదలైన పాదచారుల పథకం, కట్టడం చుట్టూ వాహనాలు తిరిగిపోయేందుకు లోపలి, బయటి వలయ రహదారులు వేయడం, వాటికోసం ఇళ్లు, దుకాణాలు సేకరించడం, కేసులు, పరిహారాలు అంటూ దాదాపు రెండు దశాబ్దాలు సాగింది. ఫలితాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఒకప్పుడు ఆటోల పొగకు నల్లబడుతూ, బస్సుల అదురుకు పెచ్చులూడుతూ నిలిచిన 1591 నాటి కట్టడం చుట్టూ ఇప్పుడు పిల్లలు పరుగెత్తుతున్నారు, ముసలివారు మెట్ల మీద కూర్చుంటున్నారు. 2021 అక్టోబరులో మొదలుపెట్టిన ఆదివారం సాయంత్రాల వేడుకలకు నగరం పడమటి కొస నుంచి కూడా జనం వచ్చారు. కానీ ఆ మేలు అంతా కట్టడానికి, దాన్ని చూడవచ్చేవారికి జరిగినంతగా, కట్టడం చుట్టూ బతికే బజారుకు జరగలేదన్నది నా అభిప్రాయం.

బజారు ఎందుకు నీరసించిందో ముందు ఒప్పుకోవాలి. పాతబస్తీ వీధులు అందవిహీనంగా ఉన్నాయని ఎవరూ అక్కడికి వెళ్లడం మానలేదు. 1998లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఉద్యోగాలు పడమటికి నడిచాయి. 2006లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టవచ్చన్న హద్దు, ఎత్తివేయడంతో అక్కడ అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. జీతాలు అక్కడ, ఇళ్లు అక్కడ, కాబట్టి కొనుగోళ్లూ అక్కడే. మా ఇంటి నుంచి లాడ్ బజార్‌కు వెళ్లి రావడానికి సగం రోజు పడుతుంది. ఇంటికి పది నిమిషాల దూరంలో నాలుగు మాల్స్ ఉన్నాయి. మాల్‌లో మరుగుదొడ్డి ఉంది, కూర్చోవడానికి బల్ల ఉంది. లాడ్ బజార్‌లో మూడు గంటలు గాజులు ఏరిన ఆడవాళ్లు ఎక్కడికి వెళ్లాలో తెలియక ఇంటిదాకా ఓర్చుకుంటారు. దీపస్తంభాల కన్నా ముందు కట్టవలసినది అదని మా అక్క ఇరవై ఏళ్లుగా అంటున్నది. ప్రణాళికలు రాసేవారిలో మా అక్క లాంటివారు ఎందరున్నారో మరి.

ఇక నా అనుమానం సంగతి. పాత నగర కేంద్రంలో స్థలం పెరగదు. పడగొడితే పెరుగుతుంది గాని, పడగొట్టాక అది పాత కేంద్రంగా మిగలదు. పెరగని చోటును పదిమంది పంచుకోవాలంటే మిగిలిన దారి వేళలను పంచుకోవడమే. పాత బజార్లు నడిచింది అలాగే. తెల్లవారుజామున హమాలీలది, పగలు కొనుగోలుదారులది, సాయంత్రం షికారుకు వచ్చినవారిది, రంజాన్‌లో రాత్రంతా అందరిదీ. మన ప్రణాళికలు మాత్రం పటం గీస్తాయి. ఇక్కడ నడక, ఇక్కడ పార్కింగు, ఇక్కడ చిరువ్యాపారుల స్థలం అని రంగులు వేస్తాయి. ఆ పటంలో గడియారం ఉండదు. ఈ మాట ఆ పొద్దున చార్మినార్ కింద నిలబడి తలెత్తినప్పుడు తట్టింది. 1889లో నాలుగు వైపులా అమర్చిన గడియారాలు అక్కడే ఉన్నాయి. కాస్త అవతల మహబూబ్ చౌక్‌లో 1892 నాటి గడియార స్తంభం ఉంది. మూసీ దాటి వస్తే మొజంజాహీ మార్కెట్ గోపురం మీదా గడియారమే. వేళ చూసుకుని బతికిన ఊరు ఇది.

అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల సంత ఇందుకు నాకు తెలిసినంతలో అన్నిటికన్నా చక్కని ఉదాహరణ. వారమంతా షోరూముల ముందు కొనుగోలుదారుల చెప్పుల కింద నలిగే ఫుట్‌పాత్ మీదే, ఆదివారం షట్టర్లు దిగగానే పాత పుస్తకాల గుట్టలు లేస్తాయి. ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాల పక్కన నవలలు, వాటి మీద పదేళ్లనాటి వార పత్రికలు. దానికోసం ఎవరూ భవనం కట్టలేదు, స్థలం కేటాయించలేదు. మూసిన షట్టర్ ముందు ఆ రోజుకు పనిలేని జాగాను పనికి పెట్టారు, అంతే. నా డిగ్రీ పుస్తకాలు సగం అక్కడ కొన్నవే. వాటిలో ఒకదానిలో వెనకటి యజమాని దాచుకున్న వంద రూపాయల నోటు దొరికిన ఆనందం ఇప్పటికీ మరవలేదు.

ఢిల్లీ చాందినీ చౌక్‌ను 2021లో తీర్చిదిద్దినప్పుడు ఈ గడియారపు సంగతి కొంత గ్రహించినట్టు కనిపిస్తుంది. ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా ఉన్న సుమారు 1.3 కిలోమీటర్ల వీధిలో ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మోటారు వాహనాలు రాకూడదన్నారు. అంటే మిగిలిన పన్నెండు గంటలు సరుకుకు దారి ఇచ్చారు. అమలులో లోపాలు చాలానే ఉన్నాయి, వాహనాలు దొంగచాటుగా రావడం అక్కడా ఉంది. అయినా నియమం రాసినవారికి దుకాణానికి రెండు ద్వారాలుంటాయని, ఒకదానిలోంచి కొనేవాడు, మరొకదానిలోంచి సరుకు వస్తుందని తెలుసు. పత్తర్‌గట్టికి కూడా తెల్లవారుజామున నాలుగు నుంచి తొమ్మిది దాకా సరుకు వేళ అని నిర్ణయించి, మదీనా దగ్గరా, హుస్సేనీ ఆలం వైపూ సరుకు దింపుకునే చోట్లు చూపించి, రాళ్ల మధ్య ఒక నాలుగు అడుగుల మేర నున్నటి పట్టీ వేస్తే, ఆ హమాలీ చక్రాన్ని తన్నవలసిన పని ఉండదు. చక్రాల కుర్చీలో వచ్చేవారికీ ఆ పట్టీయే దారి అవుతుంది. ఇది కోట్లతో అయ్యే పని కాదు.

చిరువ్యాపారుల విషయంలో చట్టం మన అధికారుల కన్నా ముందుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే జరగాలి, పట్టణ విక్రయ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే కావాలి, వారిలో మూడోవంతు స్త్రీలు కావాలి, సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. విక్రయ ప్రణాళికలో స్థలాలతో పాటు వేళలను కూడా నిర్ణయించుకునే వీలును ఆ చట్టం ఇచ్చింది. అంటే గడియారం చట్టంలో ఉంది, వీధిలో లేదు. వీధిలో ఉన్నదేమిటంటే, పెద్దవారెవరైనా వస్తున్నారంటే బండ్లు తోలేయడం, వారు వెళ్లాక బండ్లు తిరిగి రావడం. కట్టడం ముందు బండ్లు అడ్డమేనని, నడవడానికి చోటుండదని అనేవారి మాటలో నిజం ఉంది. రంజాన్ రాత్రి నేనూ అరగంటలో రెండు వందల గజాలు నడవలేకపోయాను. కానీ ముత్యాలు కొనలేనివాడు ఇరవై రూపాయల చెవిరింగులు కొనుక్కుని సంతోషంగా ఇంటికి వెళ్లే బజారు అది. బండ్లన్నీ తీసేస్తే మిగిలేది ఫోటోకు బాగుండే మైదానం.

ఇప్పుడు చెప్పబోయే సంగతి రాయడానికి చేయి వెనకాడుతోంది. గుల్జార్ హౌజ్ దగ్గర 2025 మే 18 తెల్లవారుజామున ఒక భవనంలో మంటలు రేగి 17 మంది ప్రాణాలు పోయాయి, వారిలో ఎనిమిది మంది పిల్లలు. కింద దుకాణాలు, పైన కాపురం, బయటికి రావడానికి ఒకే ఒక ఇరుకుదారి. పత్తర్‌గట్టి పైఅంతస్తుల గురించి నేను పైన మెచ్చుకోలుగా రాసిన మాట, ఈ సంఘటన తరువాత అంత తేలికగా రాయగలిగే మాట కాదు. ఆ రోజుల్లో చాలామంది అన్నది, పాతబస్తీలో దుకాణాల పైన నివాసాలు ఉండకూడదని. నేను ఒప్పుకోను. పైన కాపురాలు ఉన్నంతకాలమే రాత్రి పదింటికి ఆ వీధిలో దీపం ఉంటుంది, పాలవాడు వస్తాడు, బడి బస్సు ఆగుతుంది. పైఅంతస్తులు ఖాళీ అయితే అవి గోదాములవుతాయి. కాలే సరుకుతో నిండి, రాత్రిపూట మనిషి కాపలా కూడా లేని గోదాముల వల్ల వచ్చే ప్రమాదం ఇంకా పెద్దది. కావలసినది రెండో మెట్లదారి, కొత్త వైరింగు, కింది ఏసీ యంత్రాల వల్ల పడే కరెంటు భారం లెక్క, పక్కింటి మిద్దె మీదికి దాటగలిగే తలుపు. వీటిలో కొన్నిటికి చట్టమే అడ్డు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై మరో 200 మీటర్ల వరకు నియంత్రితం. ఆ హద్దుల్లో మరమ్మతుకైనా అనుమతి తెచ్చుకోవాలి. కట్టడాన్ని కాపాడే నియమం మంచిదే. కానీ అనుమతుల కోసం తిరగలేక ఊరుకున్న ఇంటి యజమాని, గుట్టుచప్పుడు కాకుండా ఒక గోడ తీసి మరో షట్టర్ పెట్టుకున్న యజమాని, ఇద్దరూ ఆ నియమం నుంచి పుట్టినవారే. భద్రత కోసం చేసే పనులకు ఒకే కిటికీలో, ఒక గడువు లోపల అనుమతి ఇచ్చే ఏర్పాటు పునరుద్ధరణ పథకంలో మొదటి పద్దు కావాలి.

మెట్రో విషయం క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే అది రాజకీయాల్లోకి వెళ్లిపోతుంది. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా రావలసిన మార్గం 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దగ్గర ఆగిపోయింది. మిగిలిన ముక్కను ఇప్పుడు చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి 7.5 కిలోమీటర్ల రెండో దశ మార్గంగా తీసుకున్నారు. రావలసిందే. దానికోసం రోడ్డు వెడల్పు చేయడంలో పోయే ఆస్తుల యజమానులకు పరిహారం అందుతుంది. కానీ ఆ అంగళ్లలో ఎక్కువమంది పగిడీ, అంటే మొదట్లోనే ఒక పెద్ద మొత్తం, ఇచ్చి తరాలుగా అద్దెకు ఉంటున్నవారు. దుకాణం పేరు, ఖాతాదారులు, అప్పు పుస్తకం వారివి, గోడ మాత్రం మరొకరిది. గోడకు ధర కడతారు. ఆ చౌరస్తాలో నలభై ఏళ్లుగా నిలబెట్టుకున్న నమ్మకానికి ధర కట్టే పద్ధతి మనకు లేదు. మా తాతయ్య పనిచేసిన దుకాణం కూడా అలాగే, ఒక రోడ్డు విస్తరణలో సగం పోయి, మిగిలిన సగంలో నడవలేక మూతపడింది.

మొజంజాహీ మార్కెట్ గురించి మాత్రం సంతోషంగా రాయగలను. నిజాం రెండో కుమారుడి పేరుతో 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్ మా చిన్నప్పుడు మసిబారి, ముందు రేకులు వేలాడుతూ, లోపలి ఆవరణ నిండా వాహనాలతో ఉండేది. మరమ్మతులు చేసి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు. రాతి మీది మసి, రంగులు పోయాయి, ఆవరణ మనుషులకు దక్కింది. అన్నిటికన్నా నాకు నచ్చినది, లోపలి వ్యాపారులను వెళ్లగొట్టకపోవడం. కూజాలో చేసే మామిడిపండు ఐస్‌క్రీం అదే మూలన, అవే ప్లాస్టిక్ కుర్చీల్లో దొరుకుతోంది. బాగుచేసిన పాత మార్కెట్లలో కాఫీ షాపులు తప్ప మరేమీ మిగలని ఊళ్లు చూశాను కాబట్టి, ఆ కుర్చీలు చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది.

రెండోసారి అక్కను వెంటబెట్టుకుని రాత్రి ఎనిమిదింటికి వెళ్లాను. తరావీ నమాజు ముగిసి జనం ఒక్కసారిగా వీధిలోకి వచ్చేసరికి పత్తర్‌గట్టి వసారా కిక్కిరిసిపోయింది. లాడ్ బజార్‌లో ఒక చిన్న అంగడి ముందు మెట్టు మీద కూర్చున్నాం. అంగడి చివర ఒక ముసలాయన బొగ్గుల కుంపటి ముందు కూర్చుని, మెత్తబడిన లక్కను కడ్డీలా సాగదీసి, చేతికొలతతో గుండ్రంగా చుట్టి, చల్లారేలోపల చిమటాతో ఒక్కొక్క రాయీ ఎత్తి పొదుగుతున్నాడు. లక్క గట్టిపడితే రాయి దిగదు, కాబట్టి చూపు తిప్పడం లేదు. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందని నేను గొప్పగా చెప్పబోతే, దుకాణం కుర్రాడు నవ్వి ఆ పత్రం నకలు అద్దం వెనక చూపించాడు. "దానితో మా మామూకు కూలి పెరగలేదు అంకుల్," అన్నాడు. అక్క మాత్రం మా ఇద్దరి మాటా పట్టించుకోకుండా మేనకోడలికి టూ సిక్స్, తనకు టూ ఎయిట్ అని గాజుల కొలతలు చెబుతూ బేరమాడుతోంది.

పదిన్నర అయ్యేసరికి బజారు అప్పుడే రంగులోకి వస్తోంది. ఇంకా మూడు గంటలు ఇదే జోరు ఉంటుందని, వియ్యపురాలి చీర కూడా ఇప్పుడే చూసుకుందామని అక్క అంది. ఎంజీబీఎస్‌లో చివరి రైలు పదకొండు ప్రాంతంలో. నడిచి వెళ్లాలంటే జనంలో అరగంటకు తక్కువ పట్టదు. "వాళ్లు తెరిచే వేళకు రైలు మూసేస్తే ఎట్లారా," అని విసుక్కుంటూ గాజుల డబ్బాలను గుండెకు హత్తుకుని అక్క ముందు నడిచింది, దారి చేసుకుంటూ నేను వెనక నడిచాను.